రీడింగు

తొవ్వ చెప్పమంటివి గద, రాసుకో.
నీ ఫోన్ల అచ్చంపేట నుంచి కొల్లాపూర్ దాకా
నీలిగీత ఒకటి సాఫుగ పోతది.
గాలి ఏ దిక్కు నుంచి కొడ్తదో ఆ గీతకేం తెలుసు.
నేను ముప్పై ఒక్క ఏండ్లు
ఈ తొవ్వెంట కరెంటు మీటర్లు చదివిన.
అట్లాస్ సైకిలు, హ్యాండిల్‌కు సంచి,
సంచిల రీడింగు బుక్కు.
ఊపిరెంత కాలిందో రాసే గడి
దాంట్ల లేకుండె.

ఐదింటికే ఎల్లాలె.
నల్లమల గుట్టలు నీ ఎడమ పక్క పండుకొనే ఉంటయి,
దుప్పటి తియ్యని ముసలోళ్ల లెక్క.
బల్మూరు దాటినంక ఒక కాడ
రోడ్డు దిగుతున్నట్టే కొడ్తది, దిగదు.
దాన్ని మేము దొంగెక్కుడు అంటుంటిమి.
కండ్లు పల్లమంటయి, మోకాళ్లు గడ్డంటయి.
మోకాళ్ల మాటిను.

కొండనాగుల కాడ కుక్కలు నాలుగు.
మూడు ఉత్తగ మొరుగుతయి,
ఎర్రది ఒక్కటే ఉర్కొస్తది.
నువ్వు దిగి నిలబడితే
అది గూడ నిలబడి, సిగ్గుపడి,
వేరే పనున్నట్టు పక్కకు చూస్తది.
నేను చెప్పేది పాత ఎర్రకుక్క సంగతి.
దాని మనుమడెవడో ఉంటడు లే.

లింగాల్ల సాయిలమ్మ హోటలుంటె చాయ్ తాగు.
ఉడ్కవెట్టిన పల్లీలు జేబుల పోసుకో.
చేన్లు తవ్వే నెలైతే
ఎర్రమట్టి వాసన గొంతుల దాక వస్తది,
అప్పుడు రెండు గడ్డలు తెల్వకుండనే దాటుతవు.

ఘాటెక్కుతనంటవా? అది వేరే తొవ్వ.
హాజీపూర్ మీదికెల్లి మన్ననూరు.
చెక్‌పోస్టు కాడ పేరు చెప్పు, నీళ్లు నింపుకో.
రోడ్డు అడివిలకు మలిగినంక
ఒక్కొక్క మూల మీద ఒక్కొక్క యూనిటు
నీ ఒంట్లకెల్లి కాలుతుంటది.
ఎవరూ బిల్లు ఇయ్యరు.

లోపట ఒక పెంటల
నా బుక్కుల ఆఖరి మీటరుండె.
చెంచు మనిషి ఇల్లు, పేరు ఈదన్న.
ఒక బల్బు, అది గూడ మాడిపోయింది.
మీటర్ల చక్రం మీద ఎర్రగీత
పోయిన నెల ఏడుందో ఈ నెలా ఆడనే.
"ఇది తిరగకుంటె తప్పా అన్నా?" అని అడిగిండు.
తప్పేం లేదని సున్నా రాసిన.
నాకు తేనె కలిపిన నీళ్లిచ్చిండు.

ఆ సున్నా కోసం పద్నాలుగు కిలోమీటర్లెక్కిన.
"ఇంట్ల గూసోని రాస్తే అయిపోవు గదరా బీరయ్యా"
అని మా సారు ఒకటే నవ్వుడు.
మల్లొచ్చే నెల గూడ పోయిన.
ఆ మల్లొచ్చే నెల గూడ.
సారుకు చెప్పలేదు గాని, నీకు చెప్త:
వాపసొచ్చేటప్పుడంత దిగుడే.
పెడలు ముట్టేది లేదు.
చొక్క వీపెనుక పొంగుతది,
ఆకుల సందుల ఎండ రోడ్డు మీద చిల్లర పోసినట్టు,
ఒంట్ల మీటరు ఎనకకు తిరుగుతది,
ముప్పై, పద్దెనిమిది, తొమ్మిది...
మన్ననూరు చేరేటప్పటికి
నేను పెండ్లి గాని పోరగాన్ని.

బ్రేకులు మాత్రం చూసుకో.
కోతులకు ఏం పెట్టకు.
చీకటైతే గేటు మూస్తరు, ఆలోపల్నే బైటపడు.

నీ సైకిలుకు ఇన్ని గేర్లెందుకో నాకు తెల్వదు.
చేతి గడియారం గుండె లెక్క చెప్తదంటివి, మంచిదే.
నా లెక్క నా తొడలకే ఎరుక.

ఇంకోటి, రాసుకుంటె రాసుకో లేకుంటె లేదు.
ఇంటికొచ్చి పండుకున్నంక గూడ
కాళ్లు తిరుగుతనే ఉంటయి.
బుగులుపడకు.
కరెంటు పోయినంక గూడ
మీటర్ల చక్రం జెరసేపు తిరుగుతది.
నేను నౌకరి దిగి ఆరేండ్లాయె.